చిన్న ట్రైలర్ తగిలించుకుని యూరప్ చుట్టాలంటే

కారు వెనక సామాను ట్రైలర్‌తో యూరప్ తిరగాలనుకునేవాళ్లు ముందు మ్యాప్ తెరుస్తారు. నన్నడిగితే ముందు తెరవాల్సింది కారు రిజిస్ట్రేషన్ కాగితం.

మేముండేది మ్యూనిక్‌లో. ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఉన్న బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీలోకి దిగి, వెరోనా, జెనోవా, నీస్, మోంపెలియే దాటి బార్సిలోనా చేరడం, తిరిగొచ్చేటప్పుడు ఫ్రాన్స్‌లోని రోన్ లోయ పట్టుకుని లియాన్ మీదుగా ఇంటికి రావడం మా వేసవి దారి. వెనకాల సామానుతో కలిపి 750 కేజీల దాకా అనుమతి ఉన్న, సొంత బ్రేకుల్లేని ట్రైలర్, పైన టార్పాలిన్. ఏ రోజు బయల్దేరాలి, రాత్రికి ఎక్కడ ఆగాలి, టోల్ ఎంత కట్టాలి అన్నవి తేల్చేది ఆ ట్రైలరే. అందుకే ప్లాన్ కూడా దాని వైపు నుంచే మొదలుపెడతాను.

కాగితాలు

యూరోపియన్ యూనియన్ దేశాల్లో రిజిస్ట్రేషన్ కాగితం మీద గడుల కోడ్‌లు ఒకటే. ఓ.1 (O.1) అని ఉన్నచోట బ్రేకులున్న ట్రైలర్ ఎంత బరువుదాకా లాగొచ్చో రాసి ఉంటుంది. ఓ.2 బ్రేకుల్లేని ట్రైలర్‌కి. జర్మన్ కాగితంలో 13వ గడి కూడా చూడండి. కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు, అంటే బాల్ మీద ఎంత బరువు మోపవచ్చో అది చెబుతుంది. ఆ బాల్ ఉండే కడ్డీ (టో బార్) మీద ఉన్న ప్లేటులోనూ ఒక అంకె ఉంటుంది. ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే లెక్క.

లైసెన్స్ సంగతి వేరు. మామూలు బి లైసెన్స్‌తో 750 కేజీల దాకా అనుమతి ఉన్న ట్రైలర్ నిశ్చింతగా లాగొచ్చు. ట్రైలర్ అంతకన్నా పెద్దదైతే కారుకి, ట్రైలర్‌కి అనుమతించిన గరిష్ఠ బరువులు రెండూ కలిపి 3500 కేజీలు దాటకూడదు. 4250 దాకా వెళ్లాలంటే బి96 అనే అదనపు అనుమతి, ఆ పైన బీఈ లైసెన్స్ కావాలి. ఇక్కడ చాలామంది తికమక పడతారు. లైసెన్స్‌కి లెక్కపెట్టేది కాగితం మీది గరిష్ఠ బరువు, ట్రైలర్ ఖాళీగా ఉన్నా సరే. ఓ.2 దగ్గర మాత్రం చూసేది అప్పుడు నిజంగా ఉన్న బరువు. మీ కారు ఓ.2 గడిలో 600 ఉంటే, 750 కేజీల ట్రైలర్ తగిలించుకోవచ్చు గానీ సామానుతో కలిపి 600 దగ్గరే ఆపేయాలి.

జర్మనీలో ట్రైలర్‌కి సొంత నంబర్ ప్లేటు, సొంత టూఫ్ (వాహన తనిఖీ) స్టిక్కర్ ఉంటాయి. దాని రిజిస్ట్రేషన్ కాగితం, ఇన్సూరెన్స్ గ్రీన్ కార్డ్ (విదేశాల్లో చూపించే బీమా పత్రం) కారు కాగితాలతో పాటే పెట్టుకోండి. అద్దెకి తీసుకుంటే దేశం దాటించడానికి ఒప్పుకుంటారో లేదో ముందే అడిగి రాయించుకోండి. ప్లగ్గు కూడా చూడండి. కారుకి 13 పిన్నులు, ట్రైలర్‌కి 7 పిన్నులు ఉంటే చిన్న అడాప్టర్ చాలు. ఆదివారం పొద్దున్నే అది కావాలంటే మాత్రం ఎక్కడా దొరకదు.

సామాను సర్దడం

ఇక్కడ పెట్టిన గంట దారిలో చాలా భయాన్ని తప్పిస్తుంది. బరువైనవన్నీ ట్రైలర్ ఇరుసు మీద, అడుగున పెట్టాలి. తేలికవి ముందూ వెనకా. వెనక చివర బరువెక్కితే బాల్ మీద భారం తగ్గుతుంది, ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. ముందు మరీ ఎక్కువైతే కారు వెనకభాగం కిందికి కూర్చుని స్టీరింగ్ తేలిపోతుంది. చిన్న కార్లకి బాల్ మీద పరిమితి సాధారణంగా 50 నుంచి 75 కేజీల మధ్య ఉంటుంది. ఆ పరిమితికి దగ్గరగా, దాటకుండా ఉంచడమే మంచిది.

ఎలా తూచాలంటారా? బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ చాలు. సమతలంగా ఉన్నచోట, ట్రైలర్ కారుకి తగిలించినప్పుడు కప్లింగ్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తుకి ఒక కర్రముక్క కోసి, మిషన్ మీద నిలబెట్టి, దాని మీద కప్లింగ్ ఆనించండి. అంకె నచ్చకపోతే నీళ్ల క్యాన్ ఒక్కటి ముందుకో వెనక్కో జరిపితే ఎంత మారుతుందో చూసి ఆశ్చర్యపోతారు. సామాను దింపే పనే లేదు. మా ఆయన ఈ తూకం తంతు చూసి మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు కర్రముక్క ఎక్కడుందో ఆయనే వెతికి తెస్తారు.

ట్రైలర్ టైర్లు అరగకుండానే ముసలివైపోతాయి, ఎందుకంటే ఎక్కువకాలం ఎండలో నిలబడే ఉంటాయి. పక్క గోడ మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటితే నేనైతే మార్చేస్తాను. స్పేర్ టైరు ట్రైలర్‌కి విడిగా ఉండాలి, కారుది దానికి పట్టదు.

స్పీడు, రోజుకి ఎంత దూరం

జర్మనీలో ట్రైలర్ ఉంటే ఆటోబాన్ (మోటర్‌వే) మీద గంటకి 80 కిలోమీటర్లు. టెంపో 100 అనే అనుమతి స్టిక్కర్ ఉంటే 100, కానీ షరతులున్నాయి. టైర్లు ఆరేళ్లలోపువి కావాలి. బ్రేకుల్లేని ట్రైలర్ అయితే దాని అనుమతి బరువు కారు ఖాళీ బరువులో 0.3 వంతు మించకూడదు. 1400 కేజీల కారుకి అది 420 కేజీలే. అంటే 750 రాసి ఉన్న ట్రైలర్‌కి ఈ స్టిక్కర్ దాదాపు కుదరదు. పైగా అది జర్మనీలోనే చెల్లుతుంది. ఆస్ట్రియా మోటర్‌వేల మీద తేలిక ట్రైలర్‌తో 100, ఇటలీ ఆటోస్ట్రాడా మీద 80, స్పెయిన్‌లో 90. ఫ్రాన్స్‌లో మొత్తం 3500 కేజీల లోపైతే మామూలు కారు పరిమితులే, ఆటోరూట్ మీద 130 కూడా. ఆ అనుమతిని మీరు వాడుకోనక్కర్లేదు. 100 దాటితే చిన్న ట్రైలర్ గాలికి ఎలా ఆడుతుందో అద్దంలో చూస్తే చాలు.

కాబట్టి ఫోన్ మ్యాప్ చూపించే టైమ్‌కి మూడో వంతు కలపండి. రోజుకి 400 కిలోమీటర్లు నా హద్దు. 80 మీద ఐదు గంటలు స్టీరింగ్, ఆగడాలు కలిపితే ఏడు. దారంతా లారీల మధ్యే కాపురం, దానికి మనసు సిద్ధం చేసుకోండి.

టోల్

ఆస్ట్రియాలో కారు విన్యెట్ (మోటర్‌వే వాడుకోవడానికి ముందే కొనే టోల్ స్టిక్కర్) చాలు, ట్రైలర్‌కి విడిగా అక్కర్లేదు. బ్రెన్నర్ ఆటోబాన్‌కి మాత్రం వేరే టోల్. స్విట్జర్లాండ్ మీదుగా వెళ్తే కారుకొకటి, ట్రైలర్‌కొకటి, రెండు విన్యెట్లు కొనాలి. ఒక్కోటి 40 ఫ్రాంకులు. ఇటలీలో ఇరుసులు లెక్కపెడతారు. కారుకి రెండు, ట్రైలర్‌కి ఒకటి, మొత్తం మూడో తరగతి. ఫ్రాన్స్‌లో చూసేది ఎత్తు. కారు, ట్రైలర్ రెండూ 2 మీటర్ల లోపుంటే మొదటి తరగతే పడుతుంది, దాటితే రెండోది. టార్పాలిన్ కింద సామాను గోపురంలా పేర్చకపోవడానికి ఇదో కారణం. స్పెయిన్‌లో సరిహద్దు నుంచి బార్సిలోనా వెళ్లే ఏపీ-7 దారి 2021 సెప్టెంబర్ నుంచి ఉచితం.

ఏ రోజు, ఏ గాలి

జూలై, ఆగస్టు శనివారాల్లో కదలకండి. ఫ్రాన్స్ ప్రభుత్వం బిసాన్ ఫ్యూటే పేరుతో ఏ రోజు ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు, నలుపు రంగుల్లో ముందే ప్రకటిస్తుంది. నల్లరోజున రోన్ లోయలోని ఏ7 మీద ట్రైలర్‌తో ఇరుక్కోవడం శిక్షే. సెలవుల సీజన్ వారాంతాల్లో ట్రాఫిక్ తప్పించుకోవడానికి మోటర్‌వే వదిలి ఇన్స్‌బ్రుక్ చుట్టుపక్కల ఊళ్లలోకి దారి మళ్లడం కూడా ఆస్ట్రియాలోని టిరోల్ రాష్ట్ర ప్రభుత్వం నిషేధిస్తుంది. మేం మంగళవారమో బుధవారమో బయల్దేరతాం.

బ్రెన్నర్ ఎత్తు 1370 మీటర్లు, కింద బోల్జానో 260. ఆ దిగుడంతా బ్రేకుల్లేని ట్రైలర్ భారం కారు బ్రేకుల మీదే పడుతుంది. గేరు తగ్గించి ఇంజిన్‌తోనే ఆపుకుంటూ దిగండి. స్టెల్వియో లాంటి 48 హెయిర్‌పిన్ల కనుమలు ట్రైలర్ లేని రోజుకి వదిలేయండి.

రోన్ లోయలో మిస్ట్రాల్, నార్బోన్ నుంచి పెర్పిన్యాన్ దాకా ఏ9 మీద ట్రామొంతాన్. ఈ గాలుల సూచన బయల్దేరే ముందు రాత్రి చూడాలి. ట్రైలర్ ఊగడం మొదలైతే స్టీరింగ్ నేరుగా, కదలకుండా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. స్టీరింగ్‌తో దాన్ని సరిచేయబోతే ఊపు ఇంకా పెరుగుతుంది.

రాత్రి బస, వెనక్కి తోలడం

పాత ఊళ్ల నడిబొడ్డున హోటల్ వద్దు. ఇటలీలో జెడ్‌టీఎల్ (బయటి వాహనాలకి పరిమితులున్న ప్రాంతం) అని రాసిన బోర్డు దాటితే కెమెరా ఫొటో తీస్తుంది, జరిమానా కొన్ని నెలల తర్వాత ఇంటికొస్తుంది. బార్సిలోనా తక్కువ కాలుష్య జోన్‌లోకి వెళ్లాలంటే విదేశీ కార్లు ముందే నమోదు చేయించుకోవాలి. ఊరి బయట, లోపలే తిరిగే చోటున్న హోటల్ గానీ క్యాంప్‌సైట్ గానీ చూసి, “కారు, ట్రైలర్ కలిపి ఇంత పొడవు” అని మీటర్లలో రాసి అడగండి. “చిన్న ట్రైలరే” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. కప్లింగ్‌కి తాళం వేయండి, తీసి పక్కన పెట్టినప్పుడు కూడా.

తిరుగుదారి నడపలేం అనిపిస్తే బార్సిలోనా నుంచి జెనోవాకి ఫెర్రీ ఉంది. ఛార్జీ మొత్తం పొడవు మీద వేస్తారు, ట్రైలర్ ముందున్న కడ్డీతో సహా కొలవాలి. ఓడలో ఒక్కోసారి వెనక్కి తోలమంటారు. చిన్న ట్రైలర్ పెద్దదానికన్నా మొండిది, క్షణంలో అడ్డం తిరుగుతుంది. స్టీరింగ్‌ని అడుగున పట్టుకోండి. ట్రైలర్ ఎటు వెళ్లాలో చేయి అటే జరపండి, అదీ కొంచెం కొంచెంగా. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పెద్ద పార్కింగ్‌లు ఖాళీ. బయల్దేరే ముందు ఒక ఆదివారం దీనికే కేటాయించండి.