ప్రయాణ కార్డు వాడటం నేర్చుకుందాం – 3వ భాగం: గేటు దగ్గర ఆ ఒక్క క్షణం

మొదటి రెండు భాగాల్లో మెట్రో, రైలు, బస్సుల్లో టికెట్‌కు బదులు వాడే ప్రయాణ కార్డు తీసుకోవడం, అందులో డబ్బు వేయించడం చూశాం. ఇప్పుడు కార్డు చేతిలో ఉంది, బ్యాలెన్స్ ఉంది, ముందు గేటు ఉంది, వెనక జనం ఉన్నారు. కొత్తవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. అనవసరంగా డబ్బు పోయేదీ ఎక్కువగా ఇక్కడే. అందుకే ఈ భాగమంతా కార్డు ఆనించే ఆ ఒక్క క్షణానికే కేటాయిస్తున్నాను.

ముందు ఆ క్షణంలో ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు ప్రయాణ కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నటి తీగ చుట్టలు, వాటికి అతికించిన చిన్న చిప్, అంతే. గేటు దగ్గర కార్డును చదివే యంత్రం, అంటే రీడర్, తన చుట్టూ 13.56 మెగాహెర్ట్జ్ వేగంతో మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తూ ఉంటుంది. కొన్ని సెంటీమీటర్ల దూరంలోకి కార్డు రాగానే తీగలో కరెంటు పుట్టి చిప్ పనిచేయడం మొదలుపెడుతుంది. నువ్వు అసలు కార్డువేనా, నీలో ఎంత ఉంది, ఇంతకుముందు ఎక్కడ ఎక్కావు అని రీడర్ అడుగుతుంది. జవాబులు చూసుకుని, కొత్త లెక్కను చిప్‌లో రాస్తుంది. ఇదంతా సెకనులోపే అయిపోతుంది. అయితే రాయడం పూర్తికాకముందే చెయ్యి వెనక్కి లాగేస్తే పని సగంలో ఆగిపోతుంది. (తీగ గురించి ఇంకో మాట. తాళాల గుత్తికి తగిలించుకుందామని కార్డుకు రంధ్రం చేయకండి. తీగ తెగితే కార్డు పనికిరాదు.)

జపాన్‌లో 2001లో సుయికా కార్డు వచ్చింది. దాని గేట్లను తయారుచేసేటప్పుడు ఇదే చిక్కు ఎదురైంది. పరీక్షించడానికి పిలిచిన జనం కార్డును ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఊపుతూ వెళ్లిపోయేవారు. డిజైనర్ షున్‌జి యమనకా రకరకాల నమూనాలు పెట్టి చూసి, రీడర్ ముఖాన్ని ప్రయాణికుడి వైపు కాస్త వాల్చి, వెలుతురు వచ్చేలా చేశారు. అప్పుడు జనం చెప్పకుండానే కార్డును దాని మీద ఆనించడం మొదలుపెట్టారు. మీరు వాడే రీడర్ అంత బాగా కుదిరి ఉండకపోవచ్చు కాబట్టి ఆ పని మీ చెయ్యే చేయాలి.

కార్డును రీడర్ మీది గుర్తుకు సమాంతరంగా, పూర్తిగా ఆనించండి. గీకడం వద్దు, ఊపడం వద్దు. బీప్ వినిపించి, లైటు మారేదాకా తీయకండి. ఎర్ర లైటు వస్తే కంగారుపడి పక్క గేటుకు పరిగెత్తకండి. అదే కార్డును అదే రీడర్‌కు ఇంకోసారి ఆనించి చూడండి. సగంలో ఆగిన లెక్క అక్కడే పూర్తికావడం తేలిక. రెండోసారీ ఎర్ర లైటే వస్తే తెర మీద ఏం రాసి ఉందో చదివి, సిబ్బందికి చూపించండి.

పర్సు మొత్తాన్ని ఆనించే అలవాటు ఉంటే మానుకోవడం మంచిది. ఇప్పుడు బ్యాంకు కార్డుల్లో కూడా ఇలాంటి చిప్పే ఉంటోంది. పర్సులో రెండూ పక్కపక్కనే ఉంటే రీడర్ దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం. లోపలికి వెళ్లేటప్పుడు ప్రయాణ కార్డునూ, బయటికి వచ్చేటప్పుడు బ్యాంకు కార్డునూ చదివితే, ఒక్క ప్రయాణం రెండు అసంపూర్తి ప్రయాణాలుగా నమోదవుతుంది. లండన్ రవాణా సంస్థ దీనికి ‘కార్డ్ క్లాష్’ అని పేరు పెట్టి మరీ ప్రయాణికులను హెచ్చరిస్తూ వచ్చింది.

ఇక దిగేటప్పటి సంగతి. ఎంత దూరం వెళితే అంత ఛార్జీ అనే పద్ధతి ఉన్నచోట, మీరు ఎక్కడ దిగారో మీ కార్డు చెబితే తప్ప యంత్రానికి తెలియదు. మరి దిగేటప్పుడు ఆనించకుండా వెళ్లిపోతే? ఒక్కో ఊళ్లో ఒక్కో లెక్క. నెదర్లాండ్స్‌లో ఓవీ-చిప్‌కార్ట్ అనే ప్రయాణ కార్డుతో రైలెక్కితే, మామూలు కార్డు నుంచి ముందే 20 యూరోలు పట్టుకునేవారు. దిగి ఆనించాకే అసలు ఛార్జీ పోను మిగతాది తిరిగి వచ్చేది. అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చి, ఖాళీ చేసేటప్పుడు అడిగి తీసుకోవడం లాంటిదే. అడగకపోతే పోయినట్టే. లండన్ ఆయిస్టర్ కార్డుకు మెట్రోలో ముగింపు నమోదు కాకపోతే గరిష్ఠ ఛార్జీ పడుతుంది. కానీ అదే లండన్‌లో బస్సు ఎక్కితే దూరంతో పని లేదు కాబట్టి ఎక్కేటప్పుడు ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. కాబట్టి కొత్త ఊరికి వెళ్లినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఛార్జీ ఎంత అని కాదు, ‘దిగేటప్పుడు కూడా ఆనించాలా?’ అని. బస్సుకు వేరుగా, రైలుకు వేరుగా అడగండి.

గేటు తెరిచే ఉందనో, అసలు గేటే లేదనో ఆనించకుండా నడిచిపోకండి. చిన్న స్టేషన్లలో రీడర్ ఒక స్తంభానికి బిగించి, ఓ మూలన ఉండొచ్చు. దాన్ని వెతుక్కోవడం కూడా ఈ విద్యలో భాగమే.

చివరిగా తెర చదవడం. చాలాచోట్ల రెండు అంకెలు కనిపిస్తాయి: ఇప్పుడు ఎంత కోశారు, ఇంకా ఎంత మిగిలింది. రెండోదాన్ని చూసుకోండి చాలు, రీఛార్జ్ ఎప్పుడు చేయించాలో అదే చెబుతుంది. కొన్ని వ్యవస్థల్లో తెర మీద ఏమీ కనిపించదు. అక్కడ డబ్బు లెక్క కార్డులో కాక సర్వర్‌లోని మీ ఖాతాలో ఉంటుంది, కార్డు మీ గుర్తింపు మాత్రమే. ఈ తేడా చిన్నది కాదు. సింగపూర్‌లో 2024 జనవరిలో పాత తరహా కార్డులను ఆపేసి ప్రయాణికులను ఖాతా పద్ధతికి మారుస్తామని ప్రకటించారు. గేటు దగ్గర ఛార్జీ, బ్యాలెన్స్ కనిపించకపోతే ఎలా అని జనం గట్టిగా అడిగారు. అదే నెలలో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని, పాత కార్డులను కొనసాగిస్తామన్నారు. నా ఓటు ఆ జనానికే. కోసిన డబ్బు కళ్లెదుట కనిపించాలి. కనిపించని చోట వారానికోసారి యాప్‌లోనో, టికెట్ మెషిన్‌లోనో ప్రయాణాల చిట్టా తెరిచి చూడండి. ముగింపు లేని ప్రయాణం కనిపిస్తే వెంటనే ఫిర్యాదు చేయండి, ఆలస్యం చేస్తే గడువు దాటిపోవచ్చు.

అభ్యాసం: ఒకాయన కార్డులో 60 ఉంది. ఎక్కినప్పుడు తెర మీద మిగిలింది 20 అని చూపించింది. దిగి ఆనించాక 45 అని చూపించింది. అసలు ఛార్జీ ఎంత? దిగేటప్పుడు ఆనించడం మర్చిపోయి ఉంటే ఆయనకు ఎంత ఎక్కువ ఖర్చయ్యేది? కాగితం మీద వేసి చూడండి.

జవాబులు 4వ భాగం మొదట్లో ఇస్తాను. ఆన్‌లైన్‌లో రీఛార్జ్ చేసిన డబ్బు కార్డులోకి ఎప్పుడు, ఎలా చేరుతుందో కూడా అందులోనే చూద్దాం.