ముఖం మైనపు బొమ్మలా వస్తోందా?

పోలిక కుదిరింది, కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోటే ఉన్నాయి, అయినా ముఖంలో ప్రాణం లేదు. ఆయిల్ పోర్ట్రెయిట్లలో నేను ఎక్కువగా చూసే రోగం ఇదే.

కారణం: మెత్తటి బ్రష్‌తో ప్రతి అంచునీ రుద్దేయడం. రుద్దేకొద్దీ వెలుగూ నీడా కలిసిపోయి, దవడ ఎక్కడ తిరిగిందో తెలియకుండా పోతుంది.

పరిష్కారం: వెలుగు, నీడ, ఆ రెండిటి మధ్య రంగు పాలెట్ మీదే కలిపి పెట్టుకోండి. గరుకైన హాగ్ బ్రష్ (పంది వెంట్రుకల బ్రష్) నిండా రంగు తీసుకుని, చెంప ఎముక తిరిగిన వాలుకే ఒక్క వేటు వేసి చెయ్యి తీసేయండి. తప్పయితే సర్దకండి, పాలెట్ నైఫ్‌తో గీకేసి మళ్ళీ వేయండి. అమెరికన్ పోర్ట్రెయిట్ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ అంతటివాడే దూరం నడిచివెళ్ళి చూసి, మళ్ళీ ముందుకొచ్చి వేసేవాడు. మనం కుర్చీ వదలం!

మా అమ్మమ్మ బొమ్మలో నుదుటి ముడతలన్నీ సన్న బ్రష్‌తో గీశాను. రోడ్డు మ్యాప్‌లా తయారైంది. గీకేసి, మందపు రంగుతో అడ్డంగా రెండు వేట్లు లాగాను. బ్రష్ వెంట్రుకలు వదిలిన చాళ్ళే ముడతలయ్యాయి.

ముఖమంతా గోడకి సిమెంటు పూసినట్టుందా? నీడల్లో కూడా మందంగా వేసుంటారు. ఆ గట్లు గదిలోని లైటుని పట్టుకుని మెరుస్తాయి, నీడ లోతు పోతుంది. నీడని పలచగా ఉంచి, మందాన్ని నుదురు, ముక్కు దూలం, బొట్టు లాంటి చోట్లకే దాచుకోండి. టెక్స్‌చర్ (రంగు పైన కనిపించే గరుకుదనం) అంటే మందమే కానక్కర్లేదు. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో వేసుకున్న తన బొమ్మలో, తడి రంగుని బ్రష్ వెనక కొసతో గీరి జుట్టు రింగులు తెచ్చాడు.

రంగు బురదగా మారుతోందా? బ్రష్ తుడవట్లేదన్నమాట. వేటు వేటుకీ గుడ్డతో తుడవండి. పై రంగు కిందిదాన్ని లేపేస్తుంటే, బ్రష్‌ని పడుకోబెట్టి నొక్కకుండా లాగండి.

ఆరాక పైన తోలులా ముడుచుకుంటే నూనె ఎక్కువైనట్టు. పగుళ్ళిస్తే, నూనె ఎక్కువున్న పూత ఆరకముందే దానిమీద త్వరగా ఆరే పలచటి పూత వేసినట్టు. కింది పూతలు టర్పెంటైన్‌తో పలచగా, పైకి వెళ్ళేకొద్దీ నూనె కాస్త పెంచుతూ వేయండి. ఐవరీ బ్లాక్ అనే నల్ల రంగు చాలా నెమ్మదిగా ఆరుతుంది, అడుగున దట్టంగా వాడొద్దు. ముడుచుకుపోయిన చోటుకి మాత్రం మందు లేదు. ఆ మేరకు గీకేసి, మళ్ళీ వేసుకోవాల్సిందే.