తీగల్ని గుర్తుపట్టడం – 5వ పాఠం: ముట్టుకోకుండా దురదగొండి

నులితీగలతో ఎగబాకే మొక్కల్నీ, కాండమే మెలితిరిగి పైకి పోయే మొక్కల్నీ వేరు చేయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి రెండో రకంలోంచి ఒక్క మొక్కే తీసుకుందాం: తగిలితే మంట, దురద పెట్టే దురదగొండి. ఆకు తుంచి, నలిపి, వాసన చూసే అలవాటు ఈపాటికి మీకు వచ్చే ఉంటుంది. దాన్ని ఇవాళ్టికి మానుకోండి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక పొడవాటి పుల్ల, ఒక నల్ల కాగితం చాలు. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

దీని శాస్త్రీయ నామం ట్రాజియా ఇన్వొల్యూక్రేటా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పుస్తకానికెక్కించిన మొక్క, ఆముదం కుటుంబానిది. మన దేశంలో పొదల్లో, కంచెల మీద, అడవి అంచుల్లో అల్లుకుంటుంది.

ముందు రెండడుగుల దూరంలోనే ఆగండి. కాండం సన్నగా ఉందా, నులితీగలు లేకుండా తనే చుట్టుకుందా? ఆకులు ఏకాంతరంగా, అంటే కణుపుకొక్కటి చొప్పున ఉన్నాయా? ఆకు అంచున రంపపు పళ్లుండాలి, కొన మొనదేలాలి, తొడిమ దగ్గర నుంచే మూడు ఈనెలు బయల్దేరాలి. ఇప్పుడు మొక్క మీకూ సూర్యుడికీ మధ్యకు వచ్చేలా జరగండి. ఎదురెండలో కాండం మీద, ఆకుల మీద నూగు మెరుస్తుంది. ఆకులకు చిల్లులున్నంత మాత్రాన ఇది కాదనుకోకండి. ఆముదం ఆకు తినే కాస్టర్ సీతాకోకచిలుకల గొంగళిపురుగులు దీన్నీ తింటాయి.

ఇక పువ్వు. ‘పసుపు పూల తీగ’ అని విని బయల్దేరిన వాళ్లలో చాలామంది ఈ మొక్క పక్కనుంచే వెళ్లిపోతారు. ఆ పసుపు మీరనుకునేంత పసుపు కాదు. ఆకర్షక పత్రాలే, అంటే రంగు రేకులే లేని, గింజంత కూడా లేని పువ్వులవి. పుల్లతో ఆకును పక్కకు తప్పించి, పూల కంకి వెనక నల్ల కాగితం పట్టి చూడండి. కంకి పైభాగమంతా లేత పసుపు మగ పూలే. ఒక్కోదానికి మూడు రక్షక పత్రాలు (మొగ్గను కప్పి ఉంచే చిన్న ఆకుల్లాంటివి), సాధారణంగా మూడు కేసరాలు (పుప్పొడినిచ్చేవి). అడుగున ఒకటో రెండో ఆడ పూలుంటాయి. అసలు గుర్తు అక్కడుంది: ఆరు రక్షక పత్రాలు, వాటి అంచులు దువ్వెన పళ్లలా చీలి, ముళ్లలాంటి నూగుతో ఉంటాయి. కాయ ముదిరే కొద్దీ ఇవి కూడా పెరిగి దాని కింద ఆసరాలా నిలుస్తాయి. కాయ మూడు గదులది, దాని మీదా నూగే. నా మట్టుకు నేను ఈ ఆడ పువ్వో కాయో చూడనిదే ఖాయం చేయను. ఆకు ఒక్కటే చూసి చెప్పేది ఊహ కిందే లెక్క.

పొరపడే చోట్లు రెండు. ఆకు మూడు పాయలుగా లోతుగా చీలి ఉంటే అది దీని దగ్గరి బంధువు ట్రాజియా ప్లూకెనెటీ. అదీ కుడుతుంది. రెండోది చిక్కుడు కుటుంబపు దూలగొండి. దాన్నీ చాలాచోట్ల దురదగొండి అనే పిలుస్తారు. కానీ దానికి ఆకు మూడు పత్రకాలుగా, అంటే మూడు విడి చిన్నాకులుగా ఉంటుంది, పువ్వు ముదురు ఊదా, దురద పెట్టేది కాయ మీది గోధుమరంగు నూగు.

దురద పుట్టే తీరు కూడా రెండింటికీ వేరు. దూలగొండి నూగులో మ్యూకునైన్ అనే ఎంజైము ఉంటుంది. మన మొక్క నూగులోనైతే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికం సూదిలా నిలిచి ఉంటుంది. ఒత్తిడి తగలగానే అది చర్మంలోకి దిగుతుంది, దాని వెంట లోపలి ద్రవమూ దిగుతుంది. మంట, దద్దుర్లు అందుకే.

పొరపాటున తగిలితే రుద్దొద్దు, గోకొద్దు; రుద్దితే నూగు ఇంకా లోపలికి పోతుంది. అంటుకునే టేపును తగిలిన చోట అద్ది లాగేయండి, ప్రతిసారీ కొత్త ముక్కతో. ఆ తర్వాతే సబ్బునీళ్లు. చేతులు కడుక్కునేదాకా కళ్లు ముట్టుకోవద్దు. కంట్లో పడినా, ఊపిరాడనట్టున్నా, పెదాలు వాచినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అభ్యాసం: దొరికిన తీగకు మూడు ఫొటోలు తీయండి. ఎదురెండలో కాండం, ఆకు అడుగున మూడు ఈనెలు, నల్ల కాగితం ముందు పూల కంకి. నోటుపుస్తకంలో మగ పూలు ఎక్కడున్నాయో, ఆడ పూలు ఎన్నున్నాయో బొమ్మ గీసి రాయండి. ఆడ పువ్వు దొరక్కపోతే పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కాయల కాలంలో అదే తీగ దగ్గరికి మళ్లీ వెళ్లండి. వచ్చే పాఠంలో నులితీగల గుమ్మడి కుటుంబం మొదలుపెడదాం. వాటిని నిర్భయంగా ముట్టుకోవచ్చు.