కారు వెళ్లని తీరం: క్రీట్ దీవిలో స్ఫాకియాను చూసి రావడం ఎలా?

గ్రీస్ దీవుల్లోకెల్లా పెద్దది క్రీట్. పెద్ద ఊళ్లు, హైవే, హోటళ్లు దాదాపు అన్నీ ఉత్తర తీరానే ఉంటాయి. నైరుతిన ఉన్న స్ఫాకియాలో 2,400 మీటర్లు దాటిన లెఫ్కా ఓరి కొండలు తిన్నగా లిబియా సముద్రంలోకి దిగిపోతాయి. రోడ్డు వేయడానికి జాగా ఎక్కడిది? అందుకే లూత్రో, అయియా రూమెలి అనే రెండు ఊళ్లకు పడవలోనో కాలినడకనో వెళ్లాల్సిందే. ఈ తీరాన్ని చూడటానికి ఒకే సూత్రం: ఒక వైపు నడక, ఇంకో వైపు పడవ. మిగతా ప్లానంతా దీని చుట్టూనే వేసుకోండి.

1. నెల ఎంచుకోండి

మే మధ్య నుంచి జూన్ చివరిదాకా, లేదంటే సెప్టెంబర్, అక్టోబర్ మొదటి సగం. ఎండలు మనకు కొత్తా అని జులై, ఆగస్టుల్లో బయల్దేరకండి. ఇక్కడి తెల్లటి సున్నపురాయి మీద పడిన ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, దారిలో చెట్టు నీడ దొరకడం అరుదు. చలికాలంలో పడవలు బాగా తగ్గిపోతాయి, మన నడక మొదలయ్యే సమారియా లోయను మూసేస్తారు.

భారత పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు ఉన్నా సరే, పాస్‌పోర్టు మనదైతే ఈ వీసా తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు కాబట్టి చివరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడకండి.

2. హనియా చేరండి

హనియా క్రీట్ ఉత్తర తీరాన ఉన్న ఊరు; ఏథెన్స్ నుంచి అక్కడికి విమానంలో గంట కూడా పట్టదు. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో రాత్రి ఓడ ఎక్కితే తెల్లారేసరికి హనియా పక్కనున్న సూదాలో దిగొచ్చు. హనియా విమానాశ్రయానికి పెట్టిన పేరు దస్కలోయానిస్‌ది. 1770లో ఒట్టోమన్ పాలకుల మీద తిరగబడిన స్ఫాకియా నాయకుడు ఆయన. మరుసటి ఏడాది ఆయనను బతికుండగానే చర్మం ఒలిచి చంపారు.

కారు అద్దెకు తీసుకోవద్దనే నా సలహా. తీసుకుంటే అది రేవు దగ్గర ఎండలో నిలబడి ఉంటుంది, అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. పెద్ద సూట్‌కేసు హనియా హోటల్లోనే వదిలేసి, వీపు సంచీతో కదలండి.

3. సమారియా లోయతో మొదలుపెట్టండి

హనియా నుంచి పొద్దున్నే, లోయ పైకొసన ఉన్న ఓమలోస్‌కు వెళ్లే బస్సు పట్టుకోండి. దాదాపు 1,200 మీటర్ల ఎత్తున నడక మొదలవుతుంది. సముద్రం దాకా 16 కిలోమీటర్లు, ఐదు నుంచి ఏడు గంటలు. అంతా దిగుడే కదా అనుకుంటారు గానీ, మోకాళ్లకు అసలు పరీక్ష మొదటి గంటన్నరే. మధ్యలో సమారియా అనే ఖాళీ ఊరు వస్తుంది. 1962లో లోయను జాతీయ పార్కు చేసినప్పుడు అక్కడివాళ్లను ఖాళీ చేయించారు. చివరికొచ్చేసరికి లోయ మూడు నాలుగు మీటర్ల వెడల్పుకు ఇరుకైపోతుంది; రెండు పక్కలా నిలువు గోడలు. దారి పొడవునా ఊటనీళ్లు ఉన్నాయి కాబట్టి ఒక్క సీసా చాలు. టికెట్ పారేయకండి, లోపల ఎవరూ మిగిలిపోకుండా బయటికొచ్చే చోట దాన్ని చూస్తారు.

లోయ చివర, సముద్రం ఒడ్డున ఉన్న ఊరే అయియా రూమెలి; సాయంత్రం పడవకు జనమంతా అక్కడి నుంచి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఆ రాత్రి అక్కడే ఉండండి. జనం పోయాక ఊరు మళ్లీ ఊరిలా ఉంటుంది, పొద్దున్న లేచాక సముద్రం మీ ఒక్కరిదే.

పెద్దవాళ్లు వెంట ఉంటే ఓమలోస్ ఊసెత్తకండి. పడవలో అయియా రూమెలికి వచ్చి, కింది గేటు నుంచి ఆ ఇరుకు భాగం దాకా నడిచి వెనక్కి రావచ్చు.

4. లూత్రోలో మకాం పెట్టండి

మర్నాడు పడవ మీద లూత్రోకి. చిన్న వంపులో ఒక వరస తెల్ల ఇళ్లు, నీలం కిటికీలు, ముందు నీళ్లు, వెనక కొండ. అంతే ఊరు. నగదు ముందే తెచ్చుకోండి. గదులు తక్కువ కాబట్టి బుకింగ్ కూడా ముందే చేసుకోవాలి.

ఇక్కడి నుంచి తూర్పుకు, స్ఫాకియాకు ముఖ్య ఊరైన ఖోరా స్ఫాకియోన్ రేవు దాకా నడక తప్పక చేయండి. రెండున్నర గంటల లోపు దారే, కానీ ఏడింటికల్లా కదలాలి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టున్న బూట్లు ఉండాలి. చెప్పులతో వద్దు. మేకలు దాటకుండా కట్టిన ఇనుప జాలీ గేట్లు ఎదురవుతాయి. తాళం ఉండదు, తుప్పు పట్టిన తీగ రెండు చుట్లు చుట్టి ఉంటుంది. విప్పి, దాటి, మళ్లీ అలాగే చుట్టండి.

గంట పైచిలుకు నడిచాక గ్లికా నెరా తీరం. కొండలోంచి వచ్చే ఊట ఇక్కడ సముద్రం అంచునే బయటపడుతుంది. అలకు నాలుగడుగుల ఇవతల గులకరాళ్లు తోడి చెలమ తీస్తే చల్లటి మంచినీళ్లు ఊరతాయి. ఈత కొడుతుంటే కూడా మధ్యమధ్యలో చల్లటి పాయ కాళ్లకు తగులుతుంది. ఆ తర్వాత బాట కొండ చరియను చెక్కి వేసినది, కుడివైపు సముద్రం లోతున కనిపిస్తుంది. ఎత్తంటే భయం ఉన్నవాళ్లు తీరం నుంచే వెనక్కి తిరగడం మంచిది. గాలి బాగా ఉన్నా, వాన పడి ఉన్నా రాళ్లు జారతాయి, ఆ రోజు మానేయండి.

ఖోరా రేవులో సాయంత్రం పడవ వచ్చేలోగా 1941 స్మారకం చూడండి. క్రీట్ జర్మన్ల చేతికి చిక్కుతున్నప్పుడు వేలమంది బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు కొండలు దాటి ఈ రేవుకే చేరారు. మే నెలాఖరు రాత్రుల్లో ఓడలు వాళ్లను ఈజిప్టుకు తరలించాయి.

5. ఓపిక మిగిలితే

కొండ మీద అనోపోలి అనే ఊరు, దాన్ని దాటాక అరాదెన లోయ మీద ఇనుప వంతెన. కారు వెళ్తే చెక్క పలకలు దడదడమంటాయి, కింద 138 మీటర్ల లోతు. చిన్నపిల్లలుంటే వీటన్నిటికన్నా 'ఫ్రాంగోకాస్తెల్లో' అనే చోటు నయం. వెనీషియన్ కోట పక్కనే ఇసుక తీరం, చాలా దూరం లోతుండదు.

6. తిండి సంగతి

స్ఫాకియా 'పై' (pie) అనే వంటకం తినకుండా రాకండి. తయారీ అచ్చం బొబ్బట్టే: పూర్ణం బదులు మిజిత్రా అనే మెత్తటి చీజ్, పెనం మీద కాల్చి పైన తేనె. శాకాహారులకు దాకోస్ (బార్లీ రొట్టె, టమాటా, చీజ్), హోర్తా (ఉడికించిన అడవి ఆకుకూరలు) ఎప్పుడూ దొరుకుతాయి. 'నిస్తీసిమో' అని అడిగితే ఉపవాస వంటలు చూపిస్తారు. కానీ వాళ్ల ఉపవాసానికి రొయ్యలు, ఆక్టోపస్ చెల్లుతాయి, అందుకని అవీ వద్దని విడిగా చెప్పండి. కారం మాత్రం ఆశించవద్దు.

7. తిరుగు ప్రయాణం

గాలి పెరిగితే పడవలు ఆపేస్తారు, ముందు రోజు సాయంత్రం దాకా ఖాయంగా తెలియదు. కాబట్టి విమానం ఎక్కే ముందు రోజు రాత్రికల్లా హనియాలో ఉండేలా చూసుకోండి. ఖోరా నుంచి హనియాకు బస్సులో 70 కిలోమీటర్లు, దాదాపు రెండు గంటలు. మొదట్లోనే మెలికల ఘాట్ ఎక్కాలి, బస్సు పడనివాళ్లు ముందు సీటు పట్టుకోండి.