ఏం చదువుతున్నారని ఎవరైనా అడిగితే

పుస్తకం పేరు చెప్పి, "చాలా బాగుంది" అని ఊరుకోకండి. ఆ ఒక్క మాటకి ఎవరూ పుస్తకం తెరవరు. పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు కూడా, మధ్యలో ఉన్నప్పుడే చెప్పండి.

నేను పేజీల మధ్య పాత శుభలేఖ ముక్క ఒకటి పెట్టుకుంటాను. నచ్చిన చోటు వచ్చినప్పుడల్లా దాని మీద పెన్సిల్‌తో పేజీ నంబరు, పక్కన రెండు మాటలు రాస్తాను. ఎవరైనా అడిగితే ఆ పేజీ తీసి ఓ పేరా పైకి చదివి వినిపిస్తాను.

ఇప్పుడు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ చదువుతున్నాను. మొత్తం 100 కథలు, అన్నీ చిన్నవే. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒకటి. ఎంత హాయిగా ఉందో! మొన్న మా అక్కకి ఫోన్‌లో ఒకటి సగం చదివి ఆపేశాను. పొద్దున్నే తనే ఫోన్ చేసి, "మిగతాది చదవవే" అంది.