పాట మధ్యలో గొంతు తెగుతోందా? లాప్‌టాప్, సౌండ్ కార్డు చిక్కులూ పరిష్కారాలూ

కార్తీక మాసం మొదలైందంటే కోనసీమలో ఈ గోల పెరుగుతుంది. భజన బృందాలు పాటలు రికార్డు చేసుకుంటాయి, చర్చిల్లో క్రిస్మస్ పాటలకు రిహార్సల్స్ మొదలవుతాయి, పెళ్ళిళ్ళ లైవ్ పెట్టే కుర్రాళ్ళకు తీరికుండదు. అందరి దగ్గరా దాదాపు ఒకటే సరంజామా: ఒక లాప్‌టాప్, దానికి యూఎస్‌బీ వైరుతో తగిలించిన రెండు మైకుల సౌండ్ కార్డు. పల్లవి బాగానే వస్తుంది, చరణంలో ఎక్కడో ‘టప్’మని గొంతు తెగుతుంది. వెంటనే కార్డు పోయిందని కొత్తదాని ధర వెతకడం మొదలుపెడతారు. ఆగండి. చాలాసార్లు కార్డు బాగానే ఉంటుంది, తప్పు లాప్‌టాప్ సెట్టింగుల్లోనో మధ్యలో ఉన్న వైరులోనో ఉంటుంది. శబ్దం ఎలా తెగుతోందో చెవిపెట్టి వింటే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ తెగడం ఫైల్లో ఉందా, మీ హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపిస్తోందా? రికార్డయిన ట్రాకును ఆ చోట బాగా జూమ్ చేయండి. గొంతు తరంగం మెలికలు తిరుగుతూ సాగాలి. అది నిట్టనిలువుగా తెగి ఉన్నా, మధ్యలో కాస్త మేర సున్నా గీత మీద చదునుగా పడుకున్నా శబ్దం నిజంగానే పోయినట్టు. తరంగం శుభ్రంగా ఉంటే పాట మళ్ళీ పాడించే పని లేదు, వినిపించేటప్పుడే లాప్‌టాప్ తడబడుతోంది.

ట్రాకులు, ఎఫెక్టులు పెరిగే కొద్దీ చిటపటలు

ఇది బఫర్ జబ్బు. లాప్‌టాప్ శబ్దాన్ని ధారగా పంపదు, చెంబుతో ముంచి పోసినట్టు పంపుతుంది. బఫర్ సైజు అంటే ఆ చెంబు కొలత. సెకనుకు 48,000 శాంపిళ్ళ (శబ్దాన్ని కొలిచే చిన్న చిన్న ముక్కల) దగ్గర 128 శాంపిళ్ళ బఫర్ పెడితే ఒక్కో చెంబుకీ దొరికే సమయం సుమారు 2.7 మిల్లీసెకన్లు. అంతలో పని పూర్తికాకపోతే అక్కడ ఖాళీ పడుతుంది. 512 పెడితే 10.7 మిల్లీసెకన్లు దొరుకుతుంది.

మరి అందరూ 512 ఎందుకు పెట్టరంటే, పాడేవాళ్ళకి తమ గొంతు ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతుంది. దీనికి మందు కార్డు మీదే ఉంది. చాలా కార్డులకు డైరెక్ట్ మానిటర్ అనే మీటో నాబో ఉంటుంది. అది తిప్పితే గొంతు లాప్‌టాప్‌లోకి వెళ్ళి రాకుండా నేరుగా చెవికి చేరుతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపేసి, బఫర్ 512 పెట్టుకుని నిశ్చింతగా పాడించుకోవచ్చు. మిక్సింగ్‌లో అయితే 1024 పెట్టినా నష్టం లేదు.

విండోస్‌లో డ్రైవర్, అంటే కార్డునీ లాప్‌టాప్‌నీ కలిపే సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోండి. కార్డు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన ఏఎస్ఐఓ (తక్కువ ఆలస్యంతో శబ్దం పంపే రకం) డ్రైవరే వేసుకోవాలి. ఏఎస్ఐఓ4ఆల్ అనే అందరి డ్రైవర్ సొంత డ్రైవర్ లేని కార్డులకి. సొంతది ఉండగా దాన్ని వేసుకోవడం నా దృష్టిలో అనవసరపు తద్దినం.

ప్రాసెసర్ మీటర్ ఖాళీగానే ఉంటుంది, ఉన్నట్టుండి తెగుతుంది

ప్రాసెసర్ మీద బరువు లేకపోయినా ఎప్పుడో ఒకసారి పెద్ద తెగు పడుతుంటే, లోపల వేరే డ్రైవర్ ఏదో ప్రాసెసర్‌ని పట్టుకుని వదలట్లేదన్నమాట. ఎక్కువసార్లు దొరికే దొంగ వైఫై. దాన్నీ బ్లూటూత్‌నీ ఆపేసి చూడండి. అయినా తగ్గకపోతే లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓ పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో పేరుతో సహా చూపిస్తుంది. ఎన్‌డీఐఎస్ అని వస్తే నెట్‌వర్క్, ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని వస్తే ఎన్‌విడియా గ్రాఫిక్స్. ఆ డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం లైవ్ పెట్టేవాళ్ళు వైఫై ఆపేస్తే ఎలా అంటారు. నిజమే. లాన్ వైరు దొరికితే అదే మేలు. దొరకని చోట, పాట రికార్డింగ్ ఒక లాప్‌టాప్‌లో, లైవ్ ఇంకోదాంట్లో పెట్టుకోవడమే సుఖం.

ఛార్జర్ తీస్తే టప్ టప్, పెడితే గుయ్

మన వైపు అన్నిటికన్నా ఎక్కువ తికమకపెట్టేది ఇదే, ఎందుకంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఛార్జర్ తీయగానే చాలా లాప్‌టాప్‌లు బ్యాటరీ మిగల్చడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తాయి, శబ్దం తెగుతుంది. పవర్ ఆప్షన్స్‌లో బ్యాటరీ మీద ఉన్నప్పుడు కూడా హై పెర్ఫార్మెన్స్ పెట్టుకోవాలి.

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మధ్య ఊళ్ళలో రాత్రిపూట చెరువు నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతుంటే వోల్టేజీ ఊగుతుంది. అప్పుడు స్క్రీన్ మూల ఛార్జింగ్ గుర్తును కనిపెట్టుకుని ఉండండి. అది వచ్చి పోతూ ఉంటే లాప్‌టాప్ ఛార్జర్‌కీ బ్యాటరీకీ మధ్య గెంతుతున్నట్టే. బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకుని, పైన చెప్పిన హై పెర్ఫార్మెన్స్ పెట్టుకుని, ఛార్జర్ తీసేసి రికార్డు చేయడం మంచిది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో లాప్‌టాప్ ఆగదు గానీ, విడిగా అడాప్టర్ ఉన్న కార్డయితే ఆగి మళ్ళీ లేస్తుంది, దాంతో రికార్డింగ్ పోతుంది. దాని అడాప్టర్‌ని యూపీఎస్‌కి పెట్టండి.

ఛార్జర్ పెట్టినప్పుడు వచ్చే గుయ్‌మనే మోతకి బఫర్‌తో సంబంధం లేదు, అది ఎర్తింగ్ సమస్య. లాప్‌టాప్, స్పీకర్లు, మిక్సర్ అన్నీ మంచి ఎర్త్ ఉన్న ఒకే ప్లగ్ బోర్డుకి పెట్టి, స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ వైర్లు (మోతని అణిచే మూడు తీగల రకం) వాడితే చాలావరకు పోతుంది. మోత పోతుందని మూడో పిన్ను విరిచేసేవాళ్ళున్నారు. తడి నేల మీద మైకు పట్టుకునే మనిషి ప్రాణంతో చెలగాటం అది, ఆ పని మాత్రం వద్దు.

కార్డే మాయమవుతోంది

డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కి వెళ్ళి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపే అనుమతి తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపాలి. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కార్డు నుంచి మైకు వైరులోనే వెళ్ళే కరెంటు) మీట నొక్కగానే మాయమైతే కార్డుకి కరెంటు చాలట్లేదు. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, దాన్ని చవక హబ్‌లో మౌస్, పెన్‌డ్రైవ్‌తో పంచుకుంటే ఇంకేం మిగులుతుంది? హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి పెట్టండి. వైరు పొట్టిదైతే మంచిది.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి సంగతి వేరే చెప్పాలా. ఫోన్ టార్చ్ వేసి పోర్టులోకి చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే, లాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరాకే ఆన్ చేయండి.

లెక్కపెట్టినట్టు ఒకే ఎడంలో టిక్కులు

ఇది శాంపిల్ రేటో (సెకనుకు ఎన్ని శాంపిళ్ళన్న లెక్క), ఆ లెక్కకి తాళం వేసే క్లాకో కలవకపోవడం. వీడియోకి వాడేదైతే విండోస్ సౌండ్ సెట్టింగుల్లో, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, లైవ్ పెట్టే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో అన్నిచోట్లా 48,000 పెట్టండి. కార్డు క్లాక్ ఇంటర్నల్‌లో, అంటే కార్డు సొంత క్లాకు మీదే ఉండాలి. 2018 మ్యాక్‌బుక్ ప్రో, ఎయిర్ ఉన్నవాళ్ళు మాత్రం ముందు సిస్టమ్ వెర్షన్ చూసుకోండి. వాటిలో యూఎస్‌బీ ఆడియో ఇబ్బందిని మ్యాక్ ఓఎస్ 10.14.4లో సరిచేశారు.

అరగంట బాగుండి, ఆ తర్వాత మొదలైతే

వేడి. మే నెలలో పరుపు మీద పెట్టి వాడితే ఏ లాప్‌టాపైనా నెమ్మదిస్తుంది. బల్ల మీద పెట్టి, గాలి కన్నాల దుమ్ము దులపండి.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి విని చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇవన్నీ అయ్యాక కార్డుని వేరే వైరుతో, వేరే లాప్‌టాప్‌కి పెట్టి చూడండి. అక్కడా అలాగే తెగితే అప్పుడు సర్వీస్ సెంటర్‌కి పంపండి, వారంటీ బిల్లుతో సహా.