ఆబోతును దూడప్పటి నుంచే తయారు చేసుకోవడం ఎలా

ఆబోతును ఎంచుకునేటప్పుడు అందరం మొదట అడిగేది తల్లి ఎన్ని పాలిచ్చింది, తండ్రి ఏ జాతి అనే. నేనూ అదే అడిగేవాణ్ణి. పదహారేళ్లుగా ఆబోతులను పెంచుతూ, వాటి వీర్యాన్ని నా చేత్తోనే మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తూ వచ్చాక, ఇప్పుడు ముందుగా అడిగే ప్రశ్న వేరు: పుట్టాక మొదటి ఆరు నెలలు దీన్ని ఎలా మేపారు?

ఒకే ఆబోతుకు పుట్టిన రెండు కోడెదూడలు నా దగ్గర పెరిగాయి. ఒకదానికి తల్లి పాలు కడుపు నిండా దొరికాయి. రెండోదాని తల్లికి పొదుగువాపు వచ్చింది. దూడకు పాలు తొందరగా మాన్పించి గడ్డికి వదిలేశాను. అది నా తప్పే. ఏడో నెల నుంచి దాణా బాగా పెట్టాను, ఏడాది నిండేసరికి రెండూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి. టేపు పెట్టి వృషణాల చుట్టుకొలత చూస్తే ఒకదానికి 32 సెంటీమీటర్లు, రెండోదానికి 27. ఒళ్లు వచ్చింది కానీ ఆ లోటు మాత్రం రెండేళ్లకు కూడా పూర్తిగా తీరలేదు.

దీనికి కారణం ఉంది. వృషణాల్లో సర్టోలి కణాలని ఉంటాయి. వీర్యకణాలను దాదుల్లా పెంచేవి అవే. అవి దూడ వయసులోనే, సుమారు ఆరేడు నెలల్లోపే సంఖ్యలో పెరుగుతాయి. ఆ తర్వాత ఎంత మేపినా కొత్తవి రావు. రెండో నెల నుంచి ఆరో నెల దాకా తిండి బాగుంటే మెదడు నుంచి వచ్చే హార్మోన్ల సంకేతం బలంగా ఉంటుంది, వృషణాలు బాగా ఎదుగుతాయి, కోడె తొందరగా ఈడుకొస్తుంది. కాబట్టి ఆబోతుగా ఉంచుకోవాలనుకున్న దూడకు పుట్టిన మొదటి గంటల్లోనే ముర్రుపాలు తాగించండి. పాలకు కోత పెట్టకండి. రెండో నెలకల్లా మంచి మాంసకృత్తులున్న దూడల దాణా, ఖనిజ లవణ మిశ్రమం అందుబాటులో పెట్టండి. ఏడాది దాటాక మాత్రం చెయ్యి కాస్త బిగబట్టండి. అతిగా మేపితే వృషణ సంచి మెడ దగ్గర కొవ్వు చేరి లోపలి వేడి బయటికి పోనివ్వదు. పత్తిగింజలు, పత్తిగింజల చెక్క ఆబోతుల దరిదాపుల్లోకి రానివ్వకండి. వాటిలోని గాసిపాల్ అనే పదార్థం వీర్యకణాల మధ్యభాగాన్ని దెబ్బతీస్తుంది.

ఇక ఎపిజెనెటిక్స్ సంగతి. పేరు పెద్దదే కానీ విషయం అర్థం కానిదేమీ కాదు. ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ ఒకటే. ఏ జన్యువు పనిచేయాలి, ఏది మూతపడి ఉండాలి అన్నది దాని మీద పడే రసాయన గుర్తులు చెబుతాయి. మీథైల్ గుర్తు అందులో ఒకటి. ఎపిజెనెటిక్స్ అంటే ఈ గుర్తుల సంగతే. వీర్యకణం తయారయ్యేటప్పుడు ఇంకో పని కూడా జరుగుతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రొటీన్లు చాలావరకు తప్పుకుని, వాటి స్థానంలో ప్రోటమిన్లనే ఇంకో రకం ప్రొటీన్లు వస్తాయి. దాంతో మొత్తం దారపు ఉండలా గట్టిగా బిగుసుకుంటుంది. ఆ సమయంలో వృషణాలకు వేడి తగిలినా, జ్వరం వచ్చినా చుట్ట వదులవుతుంది, గుర్తులు తారుమారవుతాయి. అలాంటి కణం చురుగ్గా ఈదవచ్చు, అండాన్ని చేరవచ్చు కూడా. కానీ పిండం కొద్ది రోజులకే ఆగిపోతుంది. ఆవు మళ్లీ ఎదకొస్తుంది. రైతు ఆవును తప్పుపడతాడు. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆబోతుకు ఇవాళ పెట్టిన మేత తరతరాలకూ గుర్తుగా దిగిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫలదీకరణ తర్వాత తండ్రి వైపు గుర్తులు చాలావరకు చెరిగిపోయి కొత్తగా పడతాయి. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 లాంటి కొన్ని జన్యువుల గుర్తులు మాత్రం మిగులుతాయి. మన శ్రద్ధ ఈ కోడె వీర్యం మీద, దానివల్ల నిలిచే చూలు మీద ఉంటే చాలు.

చుట్టుకొలత తీసేటప్పుడు పశువును బోనులో నిలబెట్టి వెనక నుంచి నెమ్మదిగా రెండు వృషణాలనూ కిందికి దింపాలి. సంచి మెడను పట్టుకున్నప్పుడు బొటనవేలు పక్కన ఉండాలి. రెండింటి మధ్యలో దూరితే అవి విడిపోయి కొలత ఎక్కువ చూపిస్తుంది. బాగా వెడల్పున్న చోట టేపు ఆనాలి, చర్మం నొక్కుకుపోకూడదు. పదిహేను నెలల్లోపు కోడెకు కనీసం 30, రెండేళ్లు దాటినదానికి కనీసం 34 సెంటీమీటర్లు ఉండాలన్నది పశువైద్యులు వాడే లెక్క. మూపురం ఉన్న జాతులు ఇంకాస్త నిదానంగా ఎదుగుతాయి కాబట్టి వాటికి కొంత గడువివ్వండి. టేపు తీశాక అరచేత్తో సంచి పైనుంచి కిందికి తడమండి. పైన వెచ్చగా, అడుగున చల్లగా తగలాలి. వృషణాలు ఒంటి వేడికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే పని చేస్తాయి.

వీర్యం చూసేటప్పుడు చాలాకాలం ఖాళీగా ఉన్న ఆబోతు మొదటి నమూనాతో తీర్పు ఇవ్వకండి. అందులో నిల్వ ఉండి చచ్చిన కణాలు ఎక్కువుంటాయి. ట్యూబు, స్లైడు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉంచండి. చల్లటి గాజు తగిలితే మంచి కణాల తోకలు కూడా వంగిపోతాయి. ముందుకు ఈదేవి కనీసం 30 శాతం, ఆకారం సరిగ్గా ఉన్నవి కనీసం 70 శాతం ఉండాలి.

ఇప్పుడు అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది. ఆబోతులో ఒక వీర్యకణం వృషణంలో తయారవడానికి 61 రోజులు, ఆపైన వృషణాన్ని ఆనుకుని ఉండే ఎపిడిడిమిస్ నాళంలో పండడానికి పది రోజుల దాకా పడుతుంది. అంటే ఇవాళ స్లైడు మీద కనిపించేది రెండు నెలలకు పైగా సాగిన కథ. నా దగ్గర ఒక మంచి ఆబోతుకు గిట్టలో చీము పట్టి మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. పది రోజులకు వీర్యం చూస్తే బాగానే ఉంది, నిశ్చింతగా ఉన్నాను. ఐదో వారం స్లైడు చూస్తే గుండె జారిపోయింది: బేరిపండులా ఒక వైపు సన్నబడ్డ తలలు, చుట్టుకుపోయిన తోకలు. అమ్మేద్దామనుకున్నాను. చూడ్డానికి వచ్చిన పశువైద్యురాలు ఒక్కటే అడిగింది: "ఐదు వారాల కిందట దీనికి ఏమైందండీ?" పుస్తకం తిప్పితే జ్వరం తారీఖు కనిపించింది. పదకొండో వారం మళ్లీ చూస్తే ఆకారం సరిగ్గా ఉన్నవి 78 శాతం.

అందుకే ప్రతి ఆబోతుకూ ఒక పుస్తకం పెట్టండి. జ్వరం, వడగాలి రోజులు, దూరప్రయాణం, మేత మార్పు అన్నీ తారీఖుతో రాయండి. పరీక్షలో తప్పితే ఆ రోజే అమ్మకండి, 70 రోజులాగి మళ్లీ చూడండి. వరసగా రెండుసార్లు తప్పి, పుస్తకంలో కారణమేదీ కనబడకపోతే అప్పుడు తీసేయండి. ఎండలు ముదిరేటప్పుడు నీడ, నీళ్లు, గాలి ముందే సిద్ధం చేసుకోండి. ఎదల కాలం మొదలవడానికి రెండున్నర నెలల ముందు నుంచే ఆబోతును కనిపెట్టుకుని ఉండాలి. ఆవులకు ఎద కట్టించాక తిరిగి ఎదకొచ్చిన వాటి తారీఖులు కూడా అదే పుస్తకంలో, ఆ ఆబోతు పేరు కిందే రాయండి. 21 రోజులకే వస్తున్నాయా, నెల దాటాక వస్తున్నాయా అన్నది చూడండి. ఒకే ఆబోతు కట్టిన ఆవులు నెల, నెలన్నర గడిచాక వరసగా ఎదకొస్తుంటే చూలు నిలిచాక మధ్యలో పోతోందన్నమాట. ముందు అంటురోగాల పరీక్ష చేయించండి, ఆ తర్వాత పుస్తకంలో రెండు నెలలు వెనక్కి తిప్పి చూడండి.